ఇళ్ల విలువ రెట్టింపైంది, టీచర్లు మాత్రం జీతం చాలక వెళ్లిపోతున్నారు. డబ్బంతా ఎక్కడికి పోతోంది?

గోదారిగట్టు
డాలస్‌కి ఉత్తరాన ఒక సబర్బ్‌లో ఉంటున్నాం. 2016లో 3 లక్షల 40 వేల డాలర్లకు ఇల్లు కొన్నాం. ఇప్పుడు మా వీధిలో అలాంటి ఇల్లే 6 లక్షల 80 వేలకు అమ్ముడైంది. ఊరి చుట్టూ కొత్త వెంచర్లు, ఆఫీసులు, షాపులు వచ్చాయి. ఇంటి టాక్స్ బిల్లులో పెద్ద ముక్క ఇక్కడి బళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. ఊరు ఇంత సంపన్నం అయితే స్కూళ్లూ బాగుపడాలి కదా?

పోయిన వారం మా వాడి నాలుగో తరగతి టీచర్ క్రిస్మస్ సెలవుల తర్వాత రానని చెప్పేసింది. చాలా మంచి టీచర్. వాడు చదవడానికి మొండికేసేవాడు, ఈవిడ చేతిలో పడ్డాక పుస్తకం వదలట్లేదు. ఎందుకండీ అని అడిగితే, రోజూ పోనూ రానూ రెండు గంటల డ్రైవ్ అని, ఇక్కడ అద్దెకు ఉండాలంటే జీతంలో సగం పైనే పోతుందని చెప్పింది. అదే సంవత్సరం మా డిస్ట్రిక్ట్ కొత్త స్టేడియం కట్టింది. ఈ లెక్క ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. నిజంగా బాధగా ఉంది.

వేపచెట్టు
స్టేడియం సంగతి ముందు తేల్చేద్దాం అన్నా. టెక్సస్‌లో స్కూల్ టాక్స్ రెండు ముక్కలు. ఎం అండ్ ఓ అంటే నడిపే ఖర్చు: జీతాలు, కరెంటు, బస్సులు. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల అప్పు తీర్చే ముక్క. బిల్డింగులు, స్టేడియం దాంట్లోంచే. బాండ్ డబ్బుతో టీచర్‌కి జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే స్టేడియం లేస్తుంది, టీచర్ వెళ్లిపోతుంది. రెండూ ఒకే ఊళ్లో జరుగుతాయి.

సన్నజాజి
మరి ఆ ఎం అండ్ ఓ ముక్క అయినా ఇళ్ల విలువతో పాటు పెరగాలి కదా?

వేపచెట్టు
పెరగదు, అక్కడే ఉంది కిటుకు. డిస్ట్రిక్ట్‌కి ఎంత రావాలో రాష్ట్రం ఒక ఫార్ములాతో లెక్క కడుతుంది. రోజూ సగటున బడికి వచ్చే పిల్లల సంఖ్య, ఒక్కో పిల్లాడికి ఇంత అని బేసిక్ అలాట్‌మెంట్. మీ డిస్ట్రిక్ట్‌కి రావలసింది 100 అనుకోండి. లోకల్ టాక్స్ 60 వస్తే రాష్ట్రం 40 ఇస్తుంది. ఇళ్ల విలువ పెరిగి లోకల్ 80 అయితే రాష్ట్రం 20 ఇచ్చి ఊరుకుంటుంది. స్కూల్ చేతికి వచ్చేది అదే 100. లోకల్ 120 వస్తే ఆ పై 20 రాష్ట్రానికి వెళ్తుంది. దాన్నే రీకాప్చర్ అంటారు. ఉన్న ఊళ్ల దగ్గర తీసుకుని లేని ఊళ్లకు పంచడం అన్నమాట, అందుకే జనం నోట్లో రాబిన్ హుడ్.

ఆ బేసిక్ అలాట్‌మెంట్ 2019లో 6,160 డాలర్లు. 2025 దాకా ఒక్క డాలర్ కదల్లేదు. మధ్యలో గుడ్డు నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నీ ఎలా పెరిగాయో మనకు తెలుసు. 2025లో 55 డాలర్లు పెంచారు.

గోదారిగట్టు
అంటే మా ఇంటి విలువ పెరిగితే లాభం రాష్ట్ర ఖజానాకా! ఇన్నేళ్లు నేను కట్టేది మా వాడి టీచర్‌కి చేరుతోందనే అనుకున్నా.

రాజుగారి_తోట
అందుకే నాకు రీకాప్చర్ అంటే మంట. ఇరవై ఏళ్లు కష్టపడి, నెలకు ఇంత ఈఎంఐ కట్టి మంచి స్కూల్ ఉన్న చోట ఇల్లు కొన్నాను. నేను కట్టిన టాక్స్ నా పిల్లల స్కూల్‌కే వెళ్లాలి. ఎక్కడో నాలుగు వందల మైళ్ల దూరంలో ఉన్న ఊరికి ఎందుకు పోవాలి? ఎవరి ఊరి డబ్బు ఆ ఊరికి ఉంచితే టీచర్లకు బ్రహ్మాండంగా జీతాలు ఇవ్వొచ్చు.

పల్నాటిపిల్ల
రాజుగారూ, అలా ఉన్న రోజులు టెక్సస్‌లో చూశారు, ఏమైందో కూడా రికార్డులో ఉంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్, అదే నగర ప్రాంతంలో ఆలమో హైట్స్ అనే సంపన్న డిస్ట్రిక్ట్. 1967-68 లెక్క: ఎడ్జ్‌వుడ్ వాళ్లు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1 డాలర్ 5 సెంట్లు టాక్స్ కట్టుకున్నారు. ఆలమో హైట్స్ వాళ్లు 85 సెంట్లే. అయినా లోకల్ టాక్స్ నుంచి ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లాడికి వచ్చింది 26 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 333. రాష్ట్రం, కేంద్రం ఇచ్చింది కలిపితే 356 డాలర్లు ఒకచోట, 594 ఇంకోచోట.

పేదవాళ్లు ఎక్కువ రేటు కట్టారు. ఇళ్లే చవకవి కాబట్టి డబ్బు రాలేదు. 1968లో అక్కడి హైస్కూల్ పిల్లలు బడి మానేసి బయటికి నడిచారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి ఇంకొందరితో కలిసి కేసు వేశాడు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. చదువు రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. తర్వాత ఎడ్జ్‌వుడ్ వాళ్లే రాష్ట్ర కోర్టులో పోరాడి 1989లో గెలిచారు. దాని ఫలితమే 1993లో వచ్చిన రీకాప్చర్. మీరు తిట్టే రాబిన్ హుడ్ వెనక ఇరవై ఐదేళ్ల పోరాటం ఉంది.

రాజుగారి_తోట
ఈ కథ నాకు తెలియదు, ఒప్పుకుంటా. 1.05 కట్టి 26 డాలర్లు రావడం అన్యాయమే. కానీ ఇప్పుడు జరుగుతున్నది అదేనా? ఆస్టిన్ డిస్ట్రిక్ట్ ఏళ్ల తరబడి రాష్ట్రంలోనే ఎక్కువ రీకాప్చర్ కడుతోంది. ఆస్టిన్ స్కూళ్లలో పేద పిల్లలు లేరా? ఊరి మధ్యలో ఆఫీసు టవర్లు ఖరీదైనవైతే బడిలో పిల్లలు సంపన్నులైపోతారా?

వేపచెట్టు
ఈ మాటకు నేను రాజుగారి వైపే. హ్యూస్టన్‌లోనూ ఇదే గొడవ. 2016లో రీకాప్చర్ కట్టం అని ఓటర్లు తిరస్కరించారు. కట్టకపోతే రాష్ట్రం ఖరీదైన ఆస్తుల్ని తీసి వేరే డిస్ట్రిక్ట్‌కి కలిపేస్తుందని తెలిశాక 2017లో ఒప్పుకున్నారు. పేదవాళ్లకు పంచాలన్న ఉద్దేశం సరైనదే. కానీ లోకల్ టాక్స్ పెరిగిన కొద్దీ రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటే అది పంచడం అవ్వదు. గిన్నె అంతే ఉంచి గరిటె మార్చడం అవుతుంది.

కిట్టు_బే_ఏరియా
మీకు అప్రైజల్, అంటే టాక్స్ కోసం కట్టే ఇంటి విలువ, పెరిగితే బాధ, మాకు వేరే బాధ. కాలిఫోర్నియాలో 1978లో ప్రాపొజిషన్ 13 వచ్చింది. ఆస్తి పన్ను విలువలో 1 శాతం దాటకూడదు, ఆ విలువ కూడా ఇల్లు అమ్మే దాకా ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. మా పక్కింటి పెద్దాయన 1980ల్లో కొన్నాడు. ఆయన ఇల్లు, మా ఇల్లు ఒకే ప్లాన్. ఆయన కట్టే టాక్స్ మాదాంట్లో పదో వంతు కూడా ఉండదు. మంచి మనిషి, పిల్లలకు నిమ్మకాయలు ఇస్తాడు, ఆయన మీద కోపం లేదు. కానీ మిలియన్ల ఇళ్లున్న రాష్ట్రంలో స్కూళ్లకు డబ్బు చాలకపోవడానికి ఇది పెద్ద కారణం. స్కూల్ కోసం పార్సెల్ టాక్స్, అంటే ఒక్కో స్థలానికి ఇంత అని విడిగా పన్ను, వేయాలంటే మామూలుగా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి.

ఇంకోటి. పాలో ఆల్టో లాంటి చోట్ల లోకల్ టాక్సే రాష్ట్ర లెక్కను దాటిపోతుంది. వాటిని బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్ట్‌లు అంటారు. పై డబ్బు వాళ్లే ఉంచుకోవచ్చు. రాజుగారు కోరుకున్నది అక్కడ ఉంది. జీతాలు బాగానే ఇస్తారు. అయినా ఆ జీతంతో ఆ ఊళ్లో ఇల్లు కొనగలిగిన టీచర్‌ని నేను చూడలేదు. మా పాప టీచర్ ట్రేసీ అనే దూరపు ఊరి నుంచి పొద్దున్న 5 గంటలకు బయలుదేరుతుంది.

సన్నజాజి
ఇది చాలా ముఖ్యమైన మాట. జీతం పది వేలు పెంచినా, అదే కారణంతో ఇంటి ధర లక్షలు పెరిగితే టీచర్‌కి ఏం మిగిలింది?

లెక్కల_టీచరమ్మ
చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను టెక్సస్‌లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. హెచ్4 వీసా మీద వచ్చి, గ్రీన్ కార్డ్ వచ్చాక ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ (వేరే డిగ్రీ ఉన్నవాళ్లు టీచర్ అయ్యే దారి) చేశాను. ఇది ఏడో ఏడాది.

మొదటి జీతం 54 వేలు. మా వారికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అందుకే ఈ పని చేయగలుగుతున్నాను. ఒక్కదాన్నే ఉంటే ఈ ఊళ్లో ఉండలేను. నాతో పాటు చేరిన ఐదుగురిలో ఇద్దరం మిగిలాం. మిగిలిన ఆవిడకు కూడా భర్త జీతం ఉంది. వెళ్లిపోయిన ముగ్గురూ పిల్లలంటే ప్రాణం పెట్టినవాళ్లే. ఒకావిడ రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు ఇంకో టీచర్‌తో పంచుకునేది, శని ఆదివారాలు షాపులో పనిచేసేది. పెళ్లి కుదిరాక వేరే ఊరు వెళ్లిపోయింది.

మీరు అనుకునేది ఒకటి సరిచేస్తాను. సంపన్న డిస్ట్రిక్ట్‌కీ, మా పేద పిల్లల డిస్ట్రిక్ట్‌కీ జీతంలో తేడా రెండు మూడు వేలే. అయినా మా దగ్గర అనుభవం వచ్చిన టీచర్లు అటు వెళ్లిపోతారు. ఎందుకంటే అక్కడ క్లాసులో నలుగురు పిల్లలకు ఇంట్లో ట్యూషన్ ఉంటుంది, అమ్మానాన్న మెయిల్ చూస్తారు, పీటీఏ (తల్లిదండ్రుల, టీచర్ల సంఘం) ఒక్క సాయంత్రం వేలం పెట్టి మా స్కూల్ ఏడాది పొడుగునా చూడని డబ్బు తెస్తుంది. మా దగ్గర పెన్సిళ్లు, స్నాక్స్, అప్పుడప్పుడు ఒక స్వెటర్ నేనే కొంటాను. టాక్స్ లెక్కలో మా ఆదాయంలోంచి 300 డాలర్ల వరకు తగ్గించుకోనిస్తారు, అది అక్టోబర్‌కే దాటిపోతుంది. చవక ఇళ్లున్న చోట కొత్త టీచర్లు పని నేర్చుకుంటారు, నేర్చుకున్నాక ఖరీదైన ఇళ్లున్న చోటికి పోతారు. మా పిల్లలకు ప్రతి ఏడూ కొత్త టీచరే.

2025లో రాష్ట్రం ఇచ్చిన పెంపు మాకు నిజంగా అందింది. ఐదేళ్ల అనుభవం దాటితే పెద్ద డిస్ట్రిక్ట్‌లో 5 వేలు, 5 వేల మంది లోపు పిల్లలున్న చిన్న డిస్ట్రిక్ట్‌లో 8 వేలు. ఆ చెక్కు చూసినప్పుడు ఏడ్చాను. అద్దె పెంచుతూ వచ్చిన కాగితం మా కొలీగ్‌కి అదే నెలలో వచ్చింది.

గోదారిగట్టు
అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం.

పాలమూరు_పంతులు
నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రభుత్వ బడిలో స్కూల్ అసిస్టెంట్‌ను, మా తమ్ముడు అక్కడ ఉండటం వల్ల ఇది చూస్తున్నాను. మీ పద్ధతి వింటే ఆశ్చర్యంగా ఉంది. మా ఇంటి పన్ను పంచాయతీకో మున్సిపాలిటీకో పోతుంది, దానితో పాటు గ్రంథాలయ సెస్సు కడతాం. బడి జీతాలకు దానితో సంబంధం లేదు. పీఆర్సీ (జీతాల సవరణ) ఎంత అంటే రాష్ట్రమంతా అంతే. ఊళ్లో ఎకరం కోటి పలికినా, పది లక్షలు పలికినా బేసిక్ ఒకటే.

అయినా సమస్య మాకూ ఉంది, వేరే దారిలో వచ్చింది. హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం, ఊరి సైజును బట్టి. 2021 పీఆర్సీలో హైదరాబాద్‌లో 24 శాతం, పల్లెలో 11 శాతం. అద్దెలు పట్నంలో ఎక్కువ కాబట్టి న్యాయమే అనిపిస్తుంది. కానీ మారుమూల ఊరికి వెళ్లేవాడికి జీతం తగ్గినట్టే కదా. అక్కడ ఉండటానికి సరైన ఇల్లు దొరకదు, సొంత పిల్లల చదువుకు పట్నంలో ఇల్లు తీసుకుంటాం, బడికి అప్ అండ్ డౌన్. చివరి బస్సు నాలుగున్నరకైతే సాయంత్రం స్పెషల్ క్లాసు ఎలా పెడతాం? బదిలీల్లో దూరం ఊళ్లో చేసినవాళ్లకు పాయింట్లు ఎక్కువ ఇస్తారు. ఆ పాయింట్లు కూడగట్టుకుని మళ్లీ పట్నం దగ్గరకే వస్తాం. మీ దగ్గర ఊరు ఖరీదై టీచర్ దూరమయ్యాడు, మా దగ్గర ఊరు మరీ వెనకబడి దూరమయ్యాడు.

పల్నాటిపిల్ల
మాస్టారూ, మీ మాటకు ఇక్కడి ఉదాహరణ ఒకటుంది. హవాయిలో రాష్ట్రమంతా ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్. ఆస్తి పన్నుతో స్కూళ్లకు సంబంధం లేదు, రాష్ట్ర ఖజానా నుంచే. దీవులన్నిటికీ ఒకే జీతాల పట్టిక. అయినా టీచర్ల కొరత ఏళ్లుగా ఉంది, ఇళ్ల ఖరీదు తట్టుకోలేక మెయిన్‌ల్యాండ్‌కి వచ్చేస్తుంటారు. టాక్స్ పంచే పద్ధతి ఒక్కటే సరిచేస్తే చాలదు.

ఎడిసన్_అమ్మ
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ ఆస్తి పన్ను దేశంలోనే భారీ, సగటు బిల్లు ఏడాదికి 10 వేల డాలర్లకు అటూ ఇటూ. కానీ రెండు కోర్టు తీర్పులు మా రాష్ట్రాన్ని మార్చాయి. ఒకటి ఆబట్ కేసు. పేద పట్టణాల డిస్ట్రిక్ట్‌లకు సంపన్న సబర్బ్‌లతో సమానంగా ఖర్చు పెట్టాలని 1990లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటివి 31 డిస్ట్రిక్ట్‌లు అయ్యాయి. తర్వాత వాటిలో మూడు, నాలుగేళ్ల పిల్లలకు మంచి ప్రీస్కూల్ కూడా ఇవ్వాలన్నారు.

రెండోది మౌంట్ లారెల్, 1975. స్కూళ్ల కేసు కాదు, ఇళ్ల కేసు. పెద్ద ప్లాట్లలోనే ఇళ్లు కట్టాలి, అపార్ట్‌మెంట్లు వద్దు అనే జోనింగ్‌తో (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ఊరి నియమాలతో) తక్కువ ఆదాయం వాళ్లను ఊరి నుంచి దూరం పెట్టకూడదని, ఎదుగుతున్న ప్రతి ఊరూ తన వంతు అందుబాటు ఇళ్లకు చోటివ్వాలని తీర్పు. మా ఊళ్లో అలా కట్టిన ఇళ్లలో మా అమ్మాయి చదివే కిండర్‌గార్టెన్‌లోని అసిస్టెంట్ టీచర్ ఉంటుంది. నడిచి స్కూల్‌కి వస్తుంది. నా దృష్టిలో రెండో కేసు మొదటిదానికంటే తక్కువదేం కాదు.

రాజుగారి_తోట
అపార్ట్‌మెంట్లు వస్తే స్కూల్ రేటింగ్ పడిపోతుంది, ఇంటి విలువ పడిపోతుంది. ఇది కూడా నిజమే కదా? మనందరం ఇల్లు కొనేటప్పుడు ముందు చూసింది రేటింగే.

పల్నాటిపిల్ల
చూశాం, నేనూ చూశాను. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ చుట్టుపక్కల స్కూల్ హద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చింది. టెస్ట్ స్కోర్ 5 శాతం ఎక్కువ ఉంటే ఇంటికి 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారు. అంటే మనం ఇంటి ధరలో స్కూల్ ఫీజు కట్టేస్తున్నాం. కానీ ఆ ఫీజు అందుకున్నది మన ముందు ఇల్లు అమ్మినాయన. టీచర్‌కి ఒక్క పైసా వెళ్లలేదు.

సన్నజాజి
ఇది నేను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

లెక్కల_టీచరమ్మ
రాజుగారూ, మీరు అన్న ఆ అపార్ట్‌మెంట్లలో ఉండేది ఎవరనుకుంటున్నారు? నా కొలీగ్స్. నర్సులు. స్కూల్ బస్ డ్రైవర్లు. మీ పిల్లలకు ఏడేళ్లుగా లెక్కలు నేర్పించగలిగే మనిషి మీ స్కూల్‌కి పది నిమిషాల దూరంలో ఉండాలంటే ఎక్కడ ఉండాలి? స్కోర్లు చాలావరకు అమ్మానాన్నల ఆదాయాన్ని చూపిస్తాయి, మీ పిల్లల స్కోరు పక్క బిల్డింగ్ వల్ల తగ్గదు. మంచి టీచర్ మధ్యలో వెళ్లిపోతే మాత్రం తగ్గుతుంది. ఆ సంవత్సరం తిరిగి రాదు.

రాజుగారి_తోట
సమాధానం ఆలోచించాలి. ఇంటి మీద పెట్టిన డబ్బు గురించి నా భయం పోలేదు, అబద్ధం చెప్పను. కానీ బస్ డ్రైవర్ సంగతి నిజం. మా రూటు బస్సు ఈ సెప్టెంబర్‌లో డ్రైవర్ లేక మూడు వారాలు రాలేదు.

కిట్టు_బే_ఏరియా
ఇళ్ల విషయంలో ఇక్కడ కొన్ని డిస్ట్రిక్ట్‌లు స్వయంగా దిగాయి. శాంటా క్లారా యూనిఫైడ్ 2002 నుంచే తన స్థలంలో టీచర్లకు అపార్ట్‌మెంట్లు నడుపుతోంది. డేలీ సిటీలో జెఫర్సన్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ 2018లో బాండ్‌కి ఓటు అడిగి, 2022లో 122 ఇళ్లు తెరిచింది. ఇందాక వేపచెట్టు అన్న బాండ్ చిక్కు చూడండి: బాండ్ డబ్బు జీతానికి వాడకూడదు, ఇల్లు కట్టడానికి వాడొచ్చు! స్టేడియం కట్టిన దారిలోనే టీచర్‌కి ఇల్లూ వచ్చింది. 2024 నుంచి రాష్ట్ర చట్టం స్కూల్ స్థలాల్లో ఇలాంటివి కట్టడం ఇంకా తేలిక చేసింది.

పాలమూరు_పంతులు
మేం చిన్నప్పుడు హెడ్మాస్టర్ గారు బడి పక్క పెంకుటింట్లోనే ఉండేవారు. రాత్రి లాంతరు పట్టుకుని వెళ్లినా లెక్క చెప్పేవారు. మీరు 122 ఇళ్లు అంటే ఆ ఇల్లే గుర్తొచ్చింది.

వేపచెట్టు
డబ్బు పెంచితే ఫలితం ఉంటుందా అని ఎవరైనా అడుగుతారని చూస్తున్నా, ముందే చెప్తా. జాక్సన్, జాన్సన్, పెర్సికో ముగ్గురూ 2016లో వేసిన అధ్యయనం ఉంది. కోర్టు తీర్పుల వల్ల ఖర్చు పెరిగిన డిస్ట్రిక్ట్‌ల పిల్లలను పెద్దయ్యాక చూశారు. 12 ఏళ్ల బడిలోనూ 10 శాతం ఎక్కువ ఖర్చు పెడితే వాళ్ల సంపాదన సుమారు 7 శాతం పెరిగింది. పేద పిల్లలకు ఇంకా ఎక్కువ. రోడ్రిగెజ్ లాంటి నాన్నలు ఊరికే తిరగలేదు.

గోదారిగట్టు అన్నా, మీ చేతిలో ఉన్నది ఒకటి. డిస్ట్రిక్ట్ ఓటర్లను అడిగి ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు కొన్ని సెంట్లు రేటు పెంచుకోవచ్చు. మొదటి 8 సెంట్లను గోల్డెన్ పెన్నీలు అంటారు, వాటి మీద రీకాప్చర్ లేదు, ఊళ్లోనే ఉంటాయి, జీతాలకు వాడొచ్చు. మీ డిస్ట్రిక్ట్ అవన్నీ వాడుకుందో లేదో బడ్జెట్ కాగితంలో ఉంటుంది. బాలట్ మీద మాత్రం "దిస్ ఈజ్ ఎ టాక్స్ ఇంక్రీజ్" అని ఇంత పెద్ద అక్షరాలతో రాస్తారు. మనవాళ్లు అది చూసి నో కొట్టేస్తారు.

సన్నజాజి
మాకు ఓటు లేదు కదా, ఇంకా గ్రీన్ కార్డే రాలేదు. టాక్స్ మాత్రం కడుతున్నాం.

ఎడిసన్_అమ్మ
ఓటు లేకపోయినా బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడొచ్చు అమ్మా. పేరు రాయించుకుంటే మూడు నిమిషాలు ఇస్తారు. నేను హెచ్1 మీద ఉన్నప్పుడే మాట్లాడాను, ఇమిగ్రేషన్ స్టేటస్ ఎవరూ అడగలేదు.

గోదారిగట్టు
బడ్జెట్ కాగితం డౌన్‌లోడ్ చేశాను. మా డిస్ట్రిక్ట్ ఓటు అక్కర్లేని ఐదు సెంట్లే వాడుతోంది. మిగతా మూడింటికి ఓటు కావాలి, అది ఇంతవరకు అడగలేదట.

ఇంకో విషయం చెప్పాలి. మా స్కూల్ వెనక ఖాళీ స్థలంలో 200 అపార్ట్‌మెంట్లకు సిటీలో అర్జీ ఉంది. మా వాట్సాప్ గ్రూప్‌లో దానికి వ్యతిరేకంగా పిటిషన్ తిరిగింది. ట్రాఫిక్, స్కూల్ రేటింగ్ అని రాశారు. ఆగస్టులో నేనూ సంతకం పెట్టాను. మా వాడి టీచర్ నాకు కారణం చెప్పిన రోజు కూడా ఆ సంతకం గుర్తు రాలేదు. ఈ పోస్టులు చదువుతుంటే నిన్న రాత్రి గుర్తొచ్చింది. పొద్దున్నే సిటీ ప్లానింగ్ ఆఫీసుకు నా పేరు తీసేయమని మెయిల్ పెట్టాను. మంగళవారం సాయంత్రం 6:30కి హియరింగ్. వెళ్లి కట్టనివ్వమని చెప్తాను. దగ్గర్లో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తారా?

వేపచెట్టు
నేను వస్తా అన్నా. అడ్రస్ మెసేజ్ చెయ్యి.

రాజుగారి_తోట
నేను ఏ వైపు మాట్లాడతానో ఇంకా చెప్పలేను. వినడానికి వస్తాను.

లెక్కల_టీచరమ్మ
మంగళవారం నాకు ట్యుటోరియల్స్ 5 దాకా ఉన్నాయి. ఆ తర్వాత బయలుదేరితే ట్రాఫిక్‌లో గంట. 6:30కి అందుకుంటాను. మాట్లాడేవాళ్ల లిస్టులో నా పేరూ రాయించండి.